గంట లెక్కలో ముహూర్తం కనపడదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో ఈ ఎండాకాలమంతా రెండు రకాల వార్తలు చదివాను. ఫలానా ఊళ్లో కొత్త ఏసీ ఫంక్షన్ హాలు ప్రారంభమైందని ఒకటి, కరెంటు బిల్లులు మోయలేకపోతున్నామని వ్యాపారులు వాపోతున్నారని ఇంకొకటి. ఈ రెండిటికీ మధ్య ఒక సంగతి ఉంది: భవనాల ఏసీ, కరెంటు లెక్కలను ఎంతెంత సేపటి ముక్కలుగా కడుతున్నారన్నది. దాని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. నేను చేసే ఉద్యోగం అదే. పైగా మా ఇంట్లోనే దానివల్ల నష్టం జరిగింది. అందుకే రాస్తున్నాను. ఉత్తరం పెద్దదవుతుంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను పుట్టి పెరిగింది కావలిలో. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. పదకొండేళ్లుగా బిల్డింగ్ ఎనర్జీ సిమ్యులేషన్ పనిలో ఉన్నాను. అంటే భవనాన్ని నిజంగా కట్టకముందే కంప్యూటర్లో కట్టి, ఏడాది పొడుగునా ఎండ ఎటు పడుతుంది, గోడలు ఎంత వేడెక్కుతాయి, లోపల ఎంతమంది ఉంటారు, ఏసీలు ఎన్ని టన్నులు కావాలి, కరెంటు ఎంత కాలుతుంది అని లెక్కగట్టడం. ఇప్పుడు నెల్లూరు వేదాయపాలెంలో అమ్మ దగ్గర ఉండి ఇంటి నుంచే ఈ పని చేస్తున్నాను.

మా పెదనాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బూ, ఎకరంన్నర అమ్మిన డబ్బూ పెట్టి కావలిలో ఫంక్షన్ హాలు కట్టారు. కట్టేటప్పుడు నన్నడగలేదు. "నువ్వు ఆఫీసులకూ ఆస్పత్రులకూ చేస్తావు గదమ్మా, పెళ్లిళ్ల హాలుకు నీదాకా ఎందుకులే అనుకున్నా" అన్నారు తర్వాత. ఏసీ కాంట్రాక్టరే ఒక కన్సల్టెంటును తీసుకొచ్చి రిపోర్టు చేయించాడు. పెళ్లి హాలుకు 40 టన్నులు, భోజనాల హాలుకు 24 టన్నులు చాలన్నారు. ఒకేసారి లాగే కరెంటు గరిష్ఠంగా 84 కేవీఏ (కరెంటు లోడును కొలిచే లెక్క) దాకా పోవచ్చన్నారు. కాస్త ఎక్కువే ఉండనీ అని పెదనాన్న 90 కేవీఏకు హెచ్‌టీ (పెద్ద వాడకానికి ఇచ్చే హై టెన్షన్) కనెక్షన్ తీసుకున్నారు.

వైశాఖంలో మొదటి పెళ్లి. ముహూర్తం పగలు 11 గంటల 2 నిమిషాలకు. నేను పొద్దున ఎనిమిదికే అక్కడికి చేరుకున్నాను. పదిన్నర దాకా హాలు చల్లగా ఉంది. నూటయాభై మంది దాకా ఉన్నారు, పిల్లలు కుర్చీల మధ్య పరుగులు పెడుతున్నారు, ఒకరిద్దరు పెద్దవాళ్లు చలిగా ఉందని కండువా కప్పుకున్నారు. పదీముప్పావయ్యేసరికి బస్సులు దిగినవాళ్లు, కార్లలో వచ్చినవాళ్లు, బయట షామియానా కింద కాఫీ తాగుతున్నవాళ్లు ఒక్కసారే లోపలికి వచ్చారు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు లోపల ఉండాలని ఎవరికుండదు? ఆరువందల కుర్చీలూ నిండాయి. తలుపులు మూసే సందు లేదు. పది నిమిషాల్లో గాలి బరువెక్కింది. పెళ్లికూతురి బాసికం కింద చెమట కారిపోతోంది. వాళ్ల అమ్మమ్మ శుభలేఖతో విసురుకుంటూ కూర్చుని, కాసేపటికి కళ్లు తిరుగుతున్నాయంటే నేనూ ఇంకొకామే చెరో చెయ్యీ పట్టుకుని బయట వేపచెట్టు కిందికి తీసుకొచ్చాం. ఏసీ మీద అంకె 30 చూపిస్తోంది. పెదనాన్న రిమోటు పట్టుకుని ఒక్కో ఏసీ దగ్గరికీ పోయి నొక్కుతున్నారు.

పదకొండుంబావుకు అక్షింతలు వేసి జనం భోజనాల హాలు వైపు కదిలారు. పదకొండున్నరకల్లా పెళ్లి హాలు మళ్లీ చల్లబడింది. అప్పటికి అందులో పురోహితుడు, దగ్గరి చుట్టాలు తప్ప ఎవరూ లేరు.

నెల తిరిగాక బిల్లు వచ్చింది. యూనిట్లు రిపోర్టులో చెప్పినంతే ఉన్నాయి, ఇంకా కొంచెం తక్కువే. కానీ గరిష్ఠ డిమాండ్ గళ్లో 118 అని ఉంది. ఒప్పందం 90. దాటిన ప్రతి కేవీఏకూ మామూలు కంటే ఎక్కువ రేటు. "ఏందమ్మాయ్ ఇది, యూనిట్లు సరిపోయినాయి, ఇదెట్టా దాటింది?" అని బిల్లు నా చేతిలో పెట్టారు. ఆ రాత్రి రిపోర్టు పీడీఎఫ్, కన్సల్టెంటు ఇచ్చిన మోడల్ ఫైలు తెరిచి కూర్చున్నాను.

సిమ్యులేషన్ అంటే కంప్యూటర్ కాలాన్ని ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కకూ లెక్క కట్టుకుంటూ పోవడం. ఈ ముక్క చివర హాలు ఎంత వేడిగా ఉందో చూసుకుని, అక్కణ్ణుంచి తర్వాతి ముక్క మొదలుపెడుతుంది. ఆ ముక్క ఎంత పొడుగుండాలన్నది మోడల్ చేసేవాళ్లు పెట్టుకునేదే. దాన్నే టైమ్‌స్టెప్ అంటాం. గంటకొక ముక్క అయితే ఏడాదికి 8,760. పది నిమిషాలకొకటయితే 52,560. నిమిషానికొకటయితే 5,25,600. మా పెదనాన్న హాలుకు గంట పెట్టారు. అరవై పేజీల రిపోర్టులో ఆ మాట ఒక్కచోటా రాయలేదు. మోడల్ ఫైలు లేకపోతే నాకూ తెలిసేది కాదు.

మనుషుల లెక్క కూడా గంటలవారీగానే ఇచ్చారు. ఇక్కడ ముహూర్తం ఏ గంటలో పడిందో చూడండి. పదీముప్పావు నుంచి పదకొండుంబావు దాకా ఆరువందల మంది, మిగతా సేపు నూటయాభై. పదికీ పదకొండుకూ మధ్య సగటు తీస్తే సుమారు 262 మంది. పదకొండుకూ పన్నెండుకూ మధ్య కూడా అంతే, 262. ఆరువందల మంది ఒకేచోట కూర్చున్న ఆ అరగంట రెండు గంటల మధ్య సగానికి చీలి, రెండు వైపులా కలిసిపోయి, కాగితం మీద నుంచి మాయమైంది.

మనిషి ఒంటి నుంచి ఎంత వేడి వస్తుందో చాలామందికి తెలియదు. ఊరికే కూర్చున్న మనిషి సుమారు 115 వాట్ల వేడి వదులుతాడు, పాత వంద వాట్ల బల్బు కంటే కొంచెం ఎక్కువ. అందులో కొంత భాగం ఊపిరిలో, చెమటలో తేమగా పోతుంది. మన తీరంలో అసలే గాలిలో తడి ఎక్కువ, దానికి ఇది తోడు. ఆరువందల మందికి 69 కిలోవాట్లు. ఏసీ టన్ను అంటే మూడున్నర కిలోవాట్లు కాబట్టి, మనుషుల ఒంటి వేడికే దాదాపు 20 టన్నులు కావాలి. 262 మందికయితే తొమ్మిది టన్నుల లోపే. పదకొండు టన్నులు అక్కడే పోయాయి. లోపలికి తీసుకోవాల్సిన బయటి గాలి లెక్క కూడా మనుషుల సంఖ్య మీదే నడుస్తుంది కనుక అదీ సగానికి పడిపోయింది.

భోజనాల హాలు సంగతి ఇంకో రకం. సరిగ్గా పదకొండుకు పెళ్లి హాలు ఏసీలు తగ్గిస్తారని, సరిగ్గా పదకొండుకే భోజనాల హాలు ఏసీలు వేస్తారని రిపోర్టులో ఉంది. రెండూ ఒకేసారి పూర్తిగా నడిచే క్షణం ఆ మోడల్లో లేనే లేదు. నిజంగా జరిగేది ఏమిటి? మొదటి బంతి కూర్చునేసరికి చల్లగా ఉండాలని వంటవాళ్ల మేస్త్రీ పదీనలభైకే భోజనాల హాలు ఏసీలన్నీ వేయించాడు. అదే సమయానికి పెళ్లి హాల్లో ఏసీలు ఊపిరాడక నడుస్తున్నాయి. వీడియో లైట్లు వెలుగుతున్నాయి, వంటింట్లో పొగ లాగే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, చేతులు కడుక్కునే నీళ్ల కోసం బోరు మోటారు ఎవరో వేశారు. హెచ్‌టీ మీటరు నెల మొత్తంలో ఏ అరగంట సగటు ఎక్కువో దాన్నే గరిష్ఠ డిమాండుగా రాసుకుంటుంది. చాలా పెద్ద కనెక్షన్లకయితే పావుగంట సగటు. మీటరు అరగంటలు లెక్కపెడుతుంటే, మనం గంటలు లెక్కపెట్టి దాని అంకె ముందుగా చెప్పగలమా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే పెదనాన్నకు ఈ టెన్షన్ ఉండేది కాదు.

మన పంచాంగంలో రోజుకు 60 ఘడియలు. ఒక్కో ఘడియ 24 నిమిషాలు, దాన్ని మళ్లీ అరవై విఘడియలు చేశారు. దుర్ముహూర్తం అంటే రెండు ఘడియలు, 48 నిమిషాలు. ఆరువందల మందిని నిమిషం తప్పకుండా ఒకచోట కూర్చోబెట్టే ఆచారం మనది. గంట కొలత మన పెళ్లిళ్ల హాళ్లకు సరిపోకపోవడానికి ఇదీ ఒక కారణమే. ఆఫీసులో ఉద్యోగులు తొమ్మిదికి వచ్చి ఆరుకు వెళతారు, మధ్యలో సంఖ్య పెద్దగా మారదు, అక్కడ గంట కొలత చాలావరకు నడుస్తుంది. ఆ అలవాటునే ఇక్కడికి తెచ్చారు.

నేను నా దగ్గరున్న లాగర్ ఒకటి కావలికి తీసుకెళ్లి పెళ్లి హాలు స్తంభానికి కట్టాను. నిమిషానికోసారి వేడీ తేమా రాసుకునే చిన్న పరికరం అది. తర్వాతి పెళ్లిలో పదీనలభైకి 25, పదీయాభైఐదుకు 27న్నర, పదకొండూఐదుకు 29 దాటింది, పదకొండున్నరకు మళ్లీ 27 లోపు. ఎంతమంది ఎప్పుడు లోపలికి వచ్చారో తలుపు దగ్గర మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి పది నిమిషాలకోసారి రాయించాను. అప్పుడు మోడల్‌ను మళ్లీ నడిపాను.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ముందు మనుషుల లెక్క ముట్టుకోకుండా, టైమ్‌స్టెప్ మాత్రం గంట నుంచి పది నిమిషాలకు మార్చి చూశాను. గరిష్ఠ డిమాండ్ 84 నుంచి 87 అయింది, అంతే. కొలబద్ద చిన్నదైనంత మాత్రాన ఏమీ బయటపడలేదు, ఎందుకంటే లోపలికి ఇచ్చిన సమాచారం ఇంకా గంట సగటే. తమ్ముడు రాసిన పది నిమిషాల లెక్క, ఏసీలు నిజంగా వేసిన వేళలు పెట్టాక అరగంట సగటు 112 వచ్చింది. బిల్లులో 118 ఉంది కదా, దానికి దగ్గరగా వచ్చినట్టే. ఆ తర్వాత నిమిషం టైమ్‌స్టెప్‌తో కూడా నడిపాను. 113 వచ్చింది. ఆ ఒక్క కేవీఏ కోసం నా కంప్యూటర్ ముప్పావుగంట తిరిగింది. ఏడాది మొత్తం యూనిట్లు మాత్రం గంటకూ నిమిషానికీ మధ్య నూటికి రెండు కూడా తేడా రాలేదు. అందుకే పెదనాన్న బిల్లులో యూనిట్లు సరిపోయాయి, డిమాండ్ దాటిపోయింది.

అందరూ గంట కొలత మానేయాలని నేననడం లేదు. మా అమ్మ ఇంటి మీద అయిదంగుళాల స్లాబు. మధ్యాహ్నం తాగిన ఎండను సాయంత్రం నాలుగైదు గంటలకు కింద గదిలోకి దింపడం మొదలుపెట్టి, రాత్రి తొమ్మిదయినా వదలదు. చిన్నప్పుడు మిద్దె మీద బిందెలతో నీళ్లు చల్లి, ఆవిరి పోయాక పక్కలేసుకున్న వాళ్లందరికీ ఇది తెలుసు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఇంకా నిదానం, బయటి వేడి లోపలికి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది. ఇంత మెల్లగా కదిలే దాన్ని గంటకోసారి చూస్తే ఏం పోదు. మిద్దె మీద తెల్ల సున్నం పూత వేయాలా, టైల్స్ పరచాలా అని అమ్మ అడిగినప్పుడు గంట లెక్కతోనే చెప్పాను. పది నిమిషాల లెక్కతో సరిచూసినా అదే జవాబు వచ్చింది. ఏ అద్దం పెడితే ఏడాదికి ఎన్ని యూనిట్లు తగ్గుతాయి, ఏ గోడ మేలు లాంటి ప్రశ్నలకు గంట చాలు. ఏడాదిలోని 8,760 గంటలకూ లెక్క ఉండాలని ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) 90.1 లాంటి ప్రమాణాలు అడుగుతాయి. నెలల సగటులతో సరిపెట్టుకునే రోజుల నుంచి అక్కడికి రావడమే పెద్ద అడుగు. బాధ ఏమిటంటే, ఆ కనీస నియమాన్నే చాలామంది గరిష్ఠ నియమంగా చదువుకున్నారు.

పాత సాఫ్ట్‌వేర్ల ప్రభావం కూడా ఉంది. డీఓఈ-2, దాని మీద కట్టిన ఈక్వెస్ట్ గంట లెక్క మీదే నడుస్తాయి. అమెరికా ఇంధన శాఖ ఉచితంగా ఇస్తున్న ఎనర్జీప్లస్‌లో గంటకు ఒకటి నుంచి అరవై దాకా ముక్కలు పెట్టుకోవచ్చు, అరవైని శేషం లేకుండా భాగించే అంకె అయితే చాలు. ఏమీ మార్చకపోతే గంటకు ఆరు, అంటే పది నిమిషాలు. ఏసీ యంత్రాల వైపు అవసరమైతే అదే ఒక నిమిషం దాకా తగ్గించుకుంటుంది. పెదనాన్న హాలు మోడల్ ఎనర్జీప్లస్‌లోనే చేశారు. ఆరు అని ఉండాల్సిన చోట ఒకటి పెట్టారు. ఫలితం త్వరగా వస్తుందని పెట్టి ఉంటారు. ఇలాంటి చిన్న హాలుకు పది నిమిషాల లెక్క కూడా టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

చిన్న ముక్కే ఎప్పుడూ మంచిదని అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అన్నిటికీ నిమిషం పెట్టేదాన్ని. ఒక ఊరి ఎండ, వేడి, తేమ, గాలి ఏడాది పొడుగునా రాసి ఉండే వాతావరణం ఫైలు దగ్గర ఆ నమ్మకం పోయింది. మన దేశంలో సిమ్యులేషన్ కోసం ఇష్రే (ఇక్కడి ఏసీ ఇంజినీర్ల సంఘం) వాళ్లు తయారుచేసిన ఫైళ్లలో నెల్లూరుకు ఒకటి ఉంది, ఇది మన అదృష్టం. ఒంగోలు భవనాలకు కూడా నేను చాలాసార్లు అదే వాడాను. కానీ అందులో ఉన్నది గంటకొక అంకె. మధ్యలో నిమిషాలను సాఫ్ట్‌వేర్ గీత గీసినట్టు నింపుతుంది. మే నెలలో మన తీరంలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పడమటి వడగాలి కొడుతూ కొడుతూ ఉండగానే మధ్యాహ్నం ఏదో ఒక వేళ సముద్రపు గాలి తిరుగుతుంది, అరగంట లోపే ఒంటికి తేడా తెలుస్తుంది. ఫైలులో అది రెంటికీ మూడుకూ మధ్య నున్నటి వాలుగా ఉంటుంది. మబ్బు అడ్డొచ్చి పోవడం అందులో ఉండదు. అలాంటి అంకెల మీద నిమిషం లెక్క చేస్తే నిమిషానికొక అంకె వస్తుంది గానీ, నిమిషానికొక నిజం రాదు.

ఎండ లెక్కలో ఇంకో జాగ్రత్త ఉంది. ఫైలులో ఎండకు ఎదురుగా రాసిన గంట, ఆ గంటతో ముగిసిన అరవై నిమిషాలకు చెందుతుంది. దాన్ని ఆ క్షణపు అంకెగా పొరబడితే సూర్యుడు అరగంట పక్కకు జరిగిపోతాడు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, నెల్లూరు ఉన్నది సుమారు 80 దగ్గర. అంటే గడియారం కంటే మన సూర్యుడు పది నిమిషాలు వెనకే నడుస్తాడు. పడమటి వైపు పెద్ద అద్దాలు పెట్టే ఆస్పత్రులకు, షోరూములకు సాయంత్రం నాలుగు తర్వాత ఈ నిమిషాలన్నీ లెక్కకు వస్తాయి.

మందపాటి గోడలకు మరీ చిన్న ముక్క పెడితే మామూలు పద్ధతిలో గోడ లెక్కే కుదరక సాఫ్ట్‌వేర్ ఆగిపోయే సందర్భాలు చూశాను. అప్పుడు గోడను పొరలు పొరలుగా కోసి లెక్కించే వేరే పద్ధతికి మారాలి. దానికేమో గంటకు కనీసం ఇరవై ముక్కలు పెట్టుకోమని సాఫ్ట్‌వేర్ వాళ్లే చెబుతారు. ఇది సాటి ఇంజినీర్ల కోసం రాశాను, మిగతావాళ్లు వదిలేయవచ్చు.

ఇప్పుడే ఇదంతా ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, ఇకముందు కట్టే భవనాలకు నిమిషాలు ఇంకా ముఖ్యమవుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మా వీధిలోనే మిద్దెల మీద సోలార్ పలకలు కనపడుతున్నాయి. పలక మీద మబ్బు నీడ పడి పోవడానికి అయిదు నిమిషాలు చాలు. దానికి బ్యాటరీ ఎంత పెట్టాలో గంట సగటు చూసి చెబితే తక్కువ చెబుతాం. మన దేశంలో గ్రిడ్డు షెడ్యూలే పావుగంట లెక్కన రోజుకు 96 ముక్కలుగా నడుస్తోంది. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రొయ్యల శుద్ధి కేంద్రాల్లో చల్లగదుల తలుపులు లారీ వచ్చినప్పుడల్లా కాసేపు బార్లా తెరిచి ఉంటాయి. అక్కడా ఇదే కథ.

ఆంధ్రప్రదేశ్ 2014లోనే ఇంధన పొదుపు భవన నియమావళిని మన రాష్ట్రానికి తగ్గట్టు మార్చుకుని తెచ్చుకుంది. పెద్ద వాణిజ్య భవనాలకు సిమ్యులేషన్ ద్వారా అనుమతి చూపించే దారి అందులో ఉంది. ఆ రిపోర్టులు చూసే అధికారులకు నా మనవి ఒక్కటే. మొదటి పేజీలోనే టైమ్‌స్టెప్ ఎంత, మనుషుల లెక్క ఎన్ని నిమిషాలకోసారి ఇచ్చారు, వాతావరణం ఫైలు ఏ ఊరిది, ఈ మూడూ రాయమని అడగండి. ఏడాది యూనిట్ల కోసమే అయితే గంట అని రాసినా ఒప్పుకోండి. గరిష్ఠ డిమాండ్, ట్రాన్స్‌ఫార్మర్, ఏసీ టన్నులు ఆ రిపోర్టు మీదే నిర్ణయించేటట్టయితే పది, పదిహేను నిమిషాలకు మించితే వెనక్కి పంపండి.

హాలు కట్టుకునేవాళ్లు కన్సల్టెంటును సాఫ్ట్‌వేర్ పేరు అడగనక్కర్లేదు. "ముహూర్తం వేళకు లోపల ఎంతమంది ఉన్నట్టు లెక్కేశారు, ఆ అరగంటలో భోజనాల హాలు ఏసీలు నడుస్తున్నట్టా లేనట్టా?" అని అడిగితే చాలు. జవాబు సూటిగా రాకపోతే సంతకం పెట్టవద్దు. మోడల్ ఫైలు కూడా ఇవ్వమని ఒప్పందంలోనే రాయించుకోండి. డబ్బు పెట్టేది మీరు.

నెల్లూరు, కావలి, ఒంగోలు ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులకు ఇంకో మాట. ఏటా వందల మంది పిల్లలు ప్రాజెక్టుల కోసం అంశాలు వెతుక్కుంటున్నారు. కాలేజీ మిద్దె మీద నిమిషానికోసారి ఎండ, వేడి, తేమ, గాలి రాసుకునే ఒక కేంద్రం పెట్టి, రెండు మూడేళ్లు ఆపకుండా నడపండి. సముద్రపు గాలి ఎన్నింటికి తిరుగుతుందో, కార్తెలో ఎండ ఎలా ఊగుతుందో మన దగ్గర నిమిషాల లెక్క ఉంటే, మన భవనాలకు చేసే మోడల్ నిజంగా మనదవుతుంది. ఆ పిల్లలకు సాఫ్ట్‌వేర్ నేర్పడానికి శనివారాలు నేను వస్తాను. డబ్బు అక్కర్లేదు.

పెదనాన్న హాలుకు కొత్త ఏసీలు కొనలేదు. ముహూర్తానికి గంట ముందు నుంచే పెళ్లి హాలును 23కు దించి, గోడలూ నేలా చల్లబడేలా చూస్తున్నాం. భోజనాల హాలు ఏసీలు పదింటికే సగం వేసి, మిగతా సగం జనం లేచాక వేస్తున్నారు. బోరు మోటారుకు టైమర్ పెట్టి తెల్లవారుజామునే ట్యాంకు నింపుతున్నారు. పోయిన బిల్లులో డిమాండ్ 97. ఇంకా ఏడు కేవీఏ ఎక్కువే. మనుషులు నిండిన అరగంటలో వేడి కూడా 28కి తగ్గడం లేదు, బయటి గాలి కోసం వేరే ఏర్పాటు చేయక తప్పదు. దాని లెక్క అయిదు నిమిషాల టైమ్‌స్టెప్‌తో చేస్తున్నాను.

ఇప్పుడు ఆషాఢం, హాలు ఖాళీగా ఉంది. శ్రావణంలో మొదటి పెళ్లి ముహూర్తం ఉదయం 9 గంటల 56 నిమిషాలకట. అదీ గంట అంచు మీదే ఉంది. భోజనాల హాలు తలుపు దగ్గర కూడా ఒక లాగర్ కట్టమని పెదనాన్న నిన్న ఫోన్ చేశారు. ఆదివారం వెళ్లి కడుతున్నాను.

ఇట్లు,
భవనాల కరెంటు లెక్కలు చేసే ఒక ఇంజినీరు,
వేదాయపాలెం, నెల్లూరు.